పాలబండికి గాలి షాకబ్జర్లు: లాభమెంత, చిక్కులెన్ని?

కంకిపాడు: తెల్లవారుజామున నాలుగున్నర గంటలకే కాలువగట్ల మీద పాలవాళ్ళ మోటారు సైకిళ్ళు కదులుతాయి. బండికి అటొకటి, ఇటొకటి పెద్ద క్యాన్లు. హ్యాండిల్‌కు ఒక చిన్న క్యాను. వెనుక మడ్‌గార్డు టైరును ముద్దుపెట్టుకోబోతున్నట్టు కిందికి దిగి ఉంటుంది. గుంత వచ్చినప్పుడల్లా 'ధన్' మని ఒక చప్పుడు. క్యాన్లు కొట్టుకున్న చప్పుడని దారిన పోయేవారు అనుకుంటారు. అది బండి షాకబ్జర్లు అడుగంటిన చప్పుడు. ఆ దెబ్బ ఇనుముతో ఆగదు, నడిపేవాడి నడుముకు తగులుతుంది.

కృష్ణా జిల్లా 2022లో ముక్కలైంది. జిల్లా విడిపోయినా పాలు మాత్రం పాత దారినే బెజవాడ చేరుతున్నాయి. బందరు రోడ్డు నాలుగు లైన్లయిందన్న మాట నిజమే. కాని ఊరి నుంచి ఆ రోడ్డు ఎక్కే దాకా పాలవాడు దాటవలసింది గట్టు రోడ్లు, పొలాల డొంకలు. వానాకాలంలో ఆ దారుల సంగతి ఈ ప్రాంతం వారికి ఒకరు చెప్పనక్కరలేదు.

ఇటువంటి బళ్ళవారి నోట ఇప్పుడు 'గాలి షాకబ్జర్లు' అనే మాట వినవస్తోంది. స్ప్రింగుకు బదులు గాలి మోస్తుందట, పంపుతో కొట్టుకుంటే ఎంత బరువైనా బండి కుంగదట అని చెప్పుకుంటున్నారు. అందులో కొంత నిజం ఉంది. మిగిలినదానిలో డబ్బు పోయే ప్రమాదమూ, అంతకు మించి ప్రాణం మీదికి వచ్చే ప్రమాదమూ ఉన్నాయి.

బరువు లెక్క

లీటరు పాలు లీటరు నీళ్ళకన్నా కాస్త బరువు. కిలో మీద 30 గ్రాములు ఎక్కువ తూగుతాయి. 40 లీటర్ల క్యాను నిండితే పాలే 41 కిలోలు. ఖాళీ క్యాను బరువు కూడా కలుపుకుంటే అర క్వింటాలుకు కాస్త అటూ ఇటూ. రెండు క్యాన్లంటే దాదాపు క్వింటాలు. దాని మీద మనిషి. నూరు సీసీ బళ్ళలో చాలావాటికి నడిపేవాడితో కలిపి మోయదగిన బరువు 130 కిలోల ప్రాంతంలో ఉంటుంది. బండితో ఇచ్చిన పుస్తకంలో ఈ అంకె అచ్చువేసే ఉంటుంది. కాని ఆ పుస్తకం బండి కొన్ననాడు బీరువాలో పెట్టిందే, మళ్ళీ తెరిచినవారు తక్కువ. 65 కిలోల మనిషి రెండు నిండు క్యాన్లు కట్టుకుంటే 160 దాటుతుంది.

అంటే సమస్య షాకబ్జరు దగ్గర మొదలు కావడం లేదు. అది బయటపడుతున్న చోటు మాత్రమే షాకబ్జరు.

స్ప్రింగు ఎందుకు ఓడిపోతోంది?

షాకబ్జరులో రెండు పనులు జరుగుతాయి. బరువు మోసేది పైన కనిపించే స్ప్రింగు. ఆ స్ప్రింగు ఎగిరెగిరి పడకుండా పట్టి ఆపేది లోపలి ఆయిల్. సన్నని రంధ్రాల గుండా ఆయిల్ అటూ ఇటూ పోవలసి రావడం వల్ల ఊపు తగ్గుతుంది. స్ప్రింగు బాగుండి ఆయిల్ పోతే బండి ఊయల అవుతుంది. ఆయిల్ బాగుండి స్ప్రింగు చాలకపోతే అడుగంటుతుంది.

స్ప్రింగు గుణం ఒక్కటే. అర క్వింటాలుకు ఒక అంగుళం కుంగేది క్వింటాలుకు రెండంగుళాలు కుంగుతుంది. చిన్న బళ్ళలో వెనుక చక్రం పైకీ కిందికీ ఆడే దూరం మూడు నాలుగంగుళాలకు మించదు. బరువుకే ఆ దూరమంతా అయిపోతే గుంత వచ్చినప్పుడు చక్రం పోవడానికి చోటేదీ? అప్పుడు దెబ్బ నేరుగా చాసీకి, సీటుకు తగులుతుంది.

షాకబ్జరు కింద మెట్లు మెట్లుగా తిరిగే కాలరు ఉంటుంది. దాన్ని పై మెట్టుకు తిప్పితే స్ప్రింగు గట్టిపడుతుందని చాలామంది నమ్మకం. అది గట్టిపడదు. ముందే కొంత నొక్కి ఉంచడం వల్ల బండి తోక పైకి లేస్తుంది, అంతే. అలా లేచినందువల్ల గుంతలో ఆడటానికి కాస్త చోటు మిగులుతుంది. అది కూడా చిన్న లాభం కాదు. చిత్రమేమిటంటే, ఏళ్ళ తరబడి క్యాన్లు మోసిన బళ్ళలో కూడా ఈ కాలరు కొన్ననాటి మెట్టు మీదే తుప్పుపట్టి ఉండటం కద్దు.

కొందరు పెద్ద బళ్ళ స్ప్రింగులు తెచ్చి బిగిస్తారు. పొద్దున్న బరువుతో బాగానే ఉంటుంది. ఖాళీ క్యాన్లతో తిరిగి వచ్చేటప్పుడు బండి గాడిదలా తన్నుతుంది. ఇంకొందరు పాత టైరు ముక్కలు కోసి స్ప్రింగు చుట్ల మధ్య దూరుస్తారు. రబ్బరు ఉన్నచోట చుట్లు ఆడవు. ఆ పని కూడా మిగిలిన చుట్ల మీద పడుతుంది. స్ప్రింగు విరిగితే అక్కడే విరుగుతుంది.

పాలబండి అసలు కష్టం ఇదే. పొద్దున్న క్వింటాలు, తొమ్మిదింటికల్లా ఏమీ లేదు. ఒకే స్ప్రింగు ఈ రెంటికీ సరిపోవాలి. పెళ్ళాం బిడ్డలను ఎక్కించుకుని ఊరెళ్ళేదీ ఆ బండి మీదే.

గాలి చేసే పని

సైకిలు పంపు మూతిని బొటనవేలితో మూసి పిడిని నొక్కితే గాలి స్ప్రింగు ఏమిటో తెలిసిపోతుంది. మొదట మెత్తగా దిగుతుంది. పోను పోను గట్టిపడుతుంది. చివరి అంగుళం ఎంత బలవంతుడికైనా దిగదు. గాలి సగం చోటులోకి కుదించుకుపోతే లోపలి ఒత్తిడి రెట్టింపవుతుంది. ఆ మీదట ఇంకా వేగంగా పెరుగుతుంది. అందువల్ల గాలి షాకబ్జరు చిన్న గతుకుకు మెత్తగానూ, పెద్ద గుంతకు గట్టిగానూ ఉంటుంది. ఇనుప స్ప్రింగులా చివరిదాకా ఒకే తీరు కాదు.

రెండో సుగుణం ఇంకా ముఖ్యమైనది. బరువు ఎక్కించినప్పుడు నాలుగు పాయింట్లు ఎక్కువ కొట్టవచ్చు. దించాక వదిలేయవచ్చు. వెళ్ళేటప్పుడు బరువు, వచ్చేటప్పుడు ఖాళీ అయ్యే బండికి ఇంతకన్నా తగిన ఏర్పాటు ఉండదు. మాటవరసకైతే అంతే.

ఈ ఏర్పాటు కొత్తది కాదు. 1980లో హోండా కంపెనీ గోల్డ్ వింగ్ అనే 1,100 సీసీ పెద్ద బండికి ముందూ వెనుకా గాలి సాయం ఉన్న షాకబ్జర్లు పెట్టింది. ఆ తర్వాతి నమూనాలలో గాలి కొట్టే చిన్న కంప్రెసరును బండిలోనే అమర్చింది. అమెరికాలో హార్లే డేవిడ్‌సన్ దూరప్రయాణాల బళ్ళకు కూడా చాలా ఏళ్ళు గాలి షాకబ్జర్లే ఉండేవి. అయితే 2001లో వచ్చిన గోల్డ్ వింగ్‌లో మళ్ళీ స్ప్రింగే వచ్చింది. దాని బిగువును మీట నొక్కి మార్చుకునే వీలు పెట్టారు. హార్లే కూడా 2017 నుంచి ఆ బళ్ళకు గాలి తీసేసి చేతితో తిప్పే పిడి పెట్టింది. అంతంత ఖరీదు బళ్ళు చేసేవారే తిరిగి స్ప్రింగు దగ్గరికి రావడం పాలవాడు గమనించవలసిన విషయం. గాలిని రోజూ చూసుకోవాలి. స్ప్రింగును చూడనక్కరలేదు.

గ్యాసు వేరు, గాలి వేరు

ఇక్కడే చాలామంది పొరబడుతున్నారు. 2000 దశకం మధ్య నుంచి పల్సర్ వంటి బళ్ళకు పక్కన చిన్న డబ్బా ఉన్న షాకబ్జర్లు వస్తున్నాయి. వీటినే గాలి షాకబ్జర్లనుకుని పాత బళ్ళకు బిగించమని అడిగేవారున్నారు. ఆ డబ్బాలో ఉండేది నైట్రోజన్ గ్యాసు. బండి బరువు మోయడం దాని పని కాదు. గతుకుల రోడ్డు మీద ఎంతోసేపు ఆడితే లోపలి ఆయిల్ వేడెక్కి, మజ్జిగ చిలికినట్టు నురగ కడుతుంది. నురగకు పట్టు ఉండదు. గ్యాసు ఒత్తిడి ఆ నురగ కట్టకుండా చూస్తుంది. బరువు మోసేది అక్కడ కూడా బయటి ఇనుప స్ప్రింగే.

కనుక గ్యాసు షాకబ్జరు బిగించినంత మాత్రాన కుంగే బండి కుంగక మానదు. ఆ డబ్బాను విప్పడం, దానికి పంక్చర్ షాపులో గాలి కొట్టించబోవడం మరీ ప్రమాదం. లోపల ఒత్తిడి టైరులో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పాడైనది పారవేసేటప్పుడు కూడా పిల్లలు దానికి మేకు దింపకుండా చూడాలి.

బిగించదలచినవారు చూసుకోవలసినవి

ఆటోనగర్‌లో అడిగితే లేదనే మాట రాదు. ఏదో ఒకటి తెచ్చి చూపిస్తారు. మొదట చూడవలసింది పొడవు. పాత షాకబ్జరు పై బోల్టు నడిమి నుంచి కింది బోల్టు నడిమి దాకా ఎంత ఉందో కొత్తది కూడా అంతే ఉండాలి. పొడవు ఎక్కువైతే తోక లేస్తుంది. సైడ్ స్టాండు వేసినప్పుడు బండి మరీ ఒరుగుతుంది. నిండు క్యాన్లతో అలా ఒరిగిన బండి పడిందంటే ఆ పూట పాలు నేల పాలే. చైను బిగువు కూడా మారుతుంది. దాన్ని బరువు ఉన్నప్పుడు, లేనప్పుడు రెండుసార్లు చూసుకోవాలి.

రెండోది, గాలి పోతే ఏమవుతుందో అడగాలి. కొన్నిటిలో గాలికి తోడు లోపల స్ప్రింగు కూడా ఉంటుంది. గాలి పోయినా కుంటుకుంటూ ఇల్లు చేరవచ్చు. ఒట్టి గాలి మీదే నిలిచేవాటిలో సీలు చినిగితే బండి చతికిలబడుతుంది. తెల్లవారుజామున గట్టు మీద, ఊరికి మూడు మైళ్ళ దూరంలో, క్వింటాలు పాలతో అది జరిగితే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

సీలు చినగడానికి ప్రధాన శత్రువు దుమ్ము, బురద. రాడ్డు మీద అంటిన ఇసుక ప్రతి గతుకుకూ సీలును గీస్తుంది. డెల్టా ప్రాంతంలో దమ్ముల కాలం బురద గురించి వేరే చెప్పాలా? రాడ్డుకు రబ్బరు తొడుగు ఉన్నదే తీసుకోవడం, రోజూ గుడ్డతో తుడవడం తప్పనిసరి.

గాలి కొట్టడంలో మెలకువ మరొకటి. టైరులో పట్టే గాలి ఎక్కువ, షాకబ్జరులో పట్టేది గుప్పెడు. బంకులో కంప్రెసరు గొట్టం పెడితే కన్నుమూసి తెరిచేలోగా హద్దు దాటిపోయి సీలు పగులుతుంది. చేతిపంపు, చిన్న గేజి ఉండాలి. గేజి తగిలించినప్పుడే కొంత గాలి గేజిలోకి పోయి నాలుగైదు పాయింట్లు తగ్గవచ్చు. బండి తిరిగి వచ్చాక వేడి మీద చూస్తే ఒత్తిడి ఎక్కువ చూపిస్తుంది. అందుకని బయలుదేరే ముందు చల్లగా ఉన్నప్పుడే చూడాలి. కంపెనీ చెప్పిన హద్దు ఎంతో అంతే. షాపువాడు 'ఇంకో పది కొట్టుకో బాబాయ్, ఏం కాదు' అంటే వినరాదు.

కుడి ఎడమల గాలి సమానంగా ఉండాలి. పెద్ద బళ్ళలో రెంటినీ ఒక సన్నని గొట్టంతో కలిపేది ఇందుకే. ఒకవైపు తగ్గితే వెనుక చక్రం మెలి తిరిగినట్టయి మలుపులో బండి మాట వినదు. పాలు పోసేటప్పుడు ఒకవైపు క్యాను ముందు ఖాళీ చేసే అలవాటు ఉన్నవారు ఈ సంగతి మరీ గుర్తుపెట్టుకోవాలి.

ఇంకొకటి. గాలి పెంచితే మోసే బలం పెరుగుతుంది కాని, పట్టి ఆపే ఆయిల్ బిగువు పెరగదు. పాయింట్లు ఎక్కువ కొట్టిన బండి గతుకు దాటాక బంతిలా ఎగురుతుంది.

తోక లేచినా బరువు తగ్గదు

గాలి షాకబ్జరు బిగించగానే కలిగే భ్రమ ఒకటుంది. ఇదివరకు కుంగి చెప్పే బండి ఇప్పుడు కుంగదు. కుంగలేదు కనుక ఇంకో క్యాను కట్టవచ్చనిపిస్తుంది. టైరు అదే, బ్రేకు అదే, చక్రం పుల్లలు అవే, షాకబ్జరు పై బోల్టు పట్టుకున్న చాసీ వెల్డింగు అదే. బండి కుంగడం ఒక విధంగా హెచ్చరిక. ఆ నోరు నొక్కేసి బరువు పెంచితే తర్వాత చెప్పేది వెల్డింగే. అది పగిలేటప్పుడు ముందుగా చెప్పదు.

చట్టం సంగతి కూడా ఉంది. తయారీదారు పెట్టిన నమూనాకు భిన్నంగా బండిలో మార్పులు చేయడాన్ని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కట్టడి చేస్తోంది. 2019లో వచ్చిన సవరణ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు. పాడైనదాని స్థానంలో అదే నమూనా కొత్తది బిగించుకుంటే ఏ పేచీ లేదు. వేరే రకం పెట్టదలిస్తే ముందుగా రవాణా శాఖ కార్యాలయంలో అడిగి తెలుసుకోవడం మంచిది. అమ్మేవాడు ఈ మాట ఎత్తడు.

ఖర్చు లేని పనులు ముందు

చాలా బళ్ళకు గాలి దాకా పోనక్కరలేదు. బండి తోకను రెండు చేతులతో గట్టిగా నొక్కి వదలాలి. ఒకసారి లేచి నిలబడితే ఆయిల్ ఉన్నట్టు. రెండు మూడుసార్లు ఊగితే లేనట్టు. రాడ్డు మీద నూనె జిడ్డు కనిపిస్తే సీలు పోయినట్టే. వెనుక చక్రాన్ని పట్టుకుని అటూ ఇటూ కదిపితే టకటక లాడితే బుష్‌లు అరిగాయి. వీటికి మందు కొత్త జత, కొత్త బుష్‌లు. ఎప్పుడూ రెండూ కలిపే మార్చాలి. ఒకటి పాతది, ఒకటి కొత్తది పెట్టడం ఒంటెద్దు బండి తోలడం వంటిది.

కుంగుడు కొలవడానికి టేపు చాలు. బండిని పెద్ద స్టాండు మీద నిలిపి, చక్రం గాలిలో ఉండగా ఇరుసు నట్టు నుంచి పైన సీటు కింద ఒక గుర్తు దాకా కొలవాలి. తర్వాత క్యాన్లు కట్టి, మనిషి కూర్చుని మళ్ళీ కొలవాలి. తేడా చక్రం ఆడే దూరంలో మూడో వంతు దగ్గర ఉంటే బాగున్నట్టు. సగం దాటితే కాలరు పై మెట్టుకు తిప్పాలి. అప్పటికీ దిగితే పాలు తగ్గించడమో, రెండు తడవలు తిరగడమో, మూడు చక్రాల బండి చూసుకోవడమో చేయాలి.

క్యాన్లు కట్టే చోటు కూడా తేడా చేస్తుంది. వెనుక ఇరుసు కన్నా వెనక్కి వేలాడే క్యాను తన బరువుకు మించి తోకను నొక్కుతుంది, ముందు చక్రాన్ని తేలిక చేస్తుంది. హ్యాండిల్ తేలిపోయినట్టు ఉండటానికి, హెడ్‌లైటు వెలుగు రోడ్డు మీద కాక ఎదుటివాడి కళ్ళలో పడటానికి ఇదే కారణం. చీకట్లోనే తిరిగే బళ్ళకు అది ఎంత ముప్పో చెప్పనక్కరలేదు. స్టాండును ఇరుసుకు ముందుకు, వీలైనంత కిందికి జరిపి కట్టిస్తే అదే బరువు సగం బాధ తగ్గిస్తుంది.

నడుము సంగతి పాలవాళ్ళు నోరు తెరిచి చెప్పరు. ఏళ్ళ తరబడి ఒంటికి తగిలే కుదుపుకూ నడుం నొప్పికీ సంబంధం ఉందని వైద్యులు తేల్చి ఉన్నారు. ఆదాయం సంగతి చెబితే మాత్రం చెవిన పెడతారు. సగం నిండిన క్యాను గతుకుల్లో కవ్వం పెట్టినట్టు చిలుకుకుపోతుంది. వెన్న పలుకులుగా పైకి తేలుతుంది. పాల కేంద్రంలో నమూనా ముంచినప్పుడు ఆ వెన్న గరిటెలోకి రాదు, శాతం తక్కువ పడుతుంది. వెన్న శాతాన్ని బట్టే ధర కడతారు కనుక, అడుగంటిన షాకబ్జరు కోత రోజూ బిల్లులోనే కనిపిస్తుంది. క్యాను మూతి దాకా నింపితే పాలు ఊగడానికి చోటుండదు, కాబట్టి రెండు క్యాన్లు సగం సగం పోసుకోవడం కన్నా సగం పరిమాణం ఉన్న క్యాన్లు రెండు కొని నిండుగా పోసుకోవడం మేలు.